బెత్తం పోయిన బడిలో క్రమశిక్షణ ఎలా?



బడిలో బెత్తం పనికిరాదని మన ప్రభుత్వాలు చెప్పి చాలా ఏండ్లయింది. 2002లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలల్లో పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. తరువాత 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం తన 17వ సెక్షనులో, బిడ్డ శరీరాన్ని గాని మనస్సును గాని హింసించరాదని శాసించింది. అదే చట్టం 16వ సెక్షను ప్రకారం ఎనిమిదవ తరగతి పూర్తయ్యే వరకు ఏ బిడ్డనూ బడిలోనుండి వెళ్ళగొట్టడానికి వీలు లేదు. మైనారిటీ సంస్థల బడులకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన మాట నిజమే. మన మిషను బడులు అనేకం ఆ కోవలోనివే. అయినా చట్టం తలుపు తట్టనంత మాత్రాన మన బడిలో బెత్తం మంచిదైపోదు గదా!

అయితే ఉపాధ్యాయుల కష్టం కూడా మనం ఆలోచించాలి. ఒక్క గదిలో యాభై మంది పిల్లలు. ఇద్దరు కొట్టుకుంటారు, ఒకడు పుస్తకం చింపుతాడు, ఇంకొకడు గోడ దూకి వెళ్ళిపోతాడు. "కొట్టవద్దన్నారు, పంపివేయవద్దన్నారు. మరి ఏం చేయమంటారు?" అని మాస్టారు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ఆ ప్రశ్నకు జవాబు దొరకని చోట బెత్తం మళ్ళీ చాటుగా బల్ల క్రిందికి వచ్చి చేరుతుంది. లేదా మాస్టారు విసిగిపోయి చూసీ చూడనట్టు ఊరకుంటారు. కొందరు తల్లిదండ్రులు కూడా "నాలుగు తగిలించండి సార్, మేమేమీ అనుకోము" అని చెప్పి వస్తారు. ఎటు పోయినా నష్టపోయేది బిడ్డే.

ఈ ప్రశ్నకు పూర్తి జవాబు కాకపోయినా, మంచి మార్గం ఒకటి ఉన్నది. దానికి కావలసింది ఒక నోటు పుస్తకం, ఒక కలం, నెలకు ఒకసారి పెద్దలందరూ కలిసి కూర్చునే ఓపిక. బడిలో జరిగే అల్లరిని వ్రాసిపెట్టి, ఆ వ్రాతను చదివి, దాని ప్రకారం బడిని సరిచేసుకోవడమే ఆ మార్గం. అమెరికాలో వేలాది బడులు ఈ పద్ధతిని పాటిస్తున్నాయి. అందులోని మేలు ఏమిటో, ప్రమాదం ఏమిటో తెలుసుకుందాం.

మద్రాసులోని నల్ల పుస్తకం

పిల్లల నడతను పుస్తకంలో వ్రాయడం కొత్త సంగతి కాదు. మన పొరుగున ఉన్న మద్రాసులోనే దీనికి పాత ఉదాహరణ ఉన్నది. స్కాట్లాండులో పుట్టిన ఆండ్రూ బెల్ అనే ఆంగ్లికన్ పాదిరిగారు 1789లో ఎగ్మూరులోని మగపిల్లల అనాథ పాఠశాలకు పర్యవేక్షకుడయ్యారు. చదువు వచ్చిన పిల్లలే రాని పిల్లలకు నేర్పే పద్ధతిని ఆయన అక్కడ పెంపొందించారు. ఆ పద్ధతే ఇంగ్లండు చేరి 'మద్రాసు పద్ధతి' అని పేరు పొందింది. దాన్ని గూర్చి ఆయన 1797లో ఒక నివేదిక ప్రచురించారు.

ఆ బడిలో నల్ల పుస్తకం అని ఒకటుండేది. ఎవడైనా తప్పు చేస్తే వాని పేరు, చేసిన తప్పు అందులో ఎక్కేవి. వారానికొకసారి ఆ పుస్తకాన్ని పిల్లలందరి ఎదుట తెరిచేవారు. తోటి పిల్లలలోనుండి ఎంచుకున్న పన్నెండు మంది, లేక అంతకు మించి, జ్యూరీగా కూర్చుని తీర్పు చెప్పేవారు. శిక్షను తగ్గించడానికి గాని, మన్నించడానికి గాని పెద్దలకు అధికారం ఉండేది. నెలల తరబడి ఒక్క శిక్ష అవసరం కూడా పడలేదని బెల్ గారు వ్రాసుకున్నారు.

ఈ పద్ధతిలో ఒక మంచి ఉన్నది. తప్పు జరిగిన క్షణాన, కోపం మండుతున్నప్పుడు చెయ్యి లేవదు. వారం గడుస్తుంది, అందరి మనస్సూ చల్లబడుతుంది, అప్పుడు విచారణ జరుగుతుంది. అయితే ఒక లోటు కూడా ఉన్నది. నల్ల పుస్తకం అడిగేది ప్రధానంగా 'ఎవడు?' అనే. ఆ తప్పు బడిలో ఏ చోట జరిగింది, ఏ వేళకు జరిగింది, అలాంటివి అక్కడ ఎన్ని జరుగుతున్నాయి అనే విచారణ దానిలో లేదు. ఆ ప్రశ్నలు అడగడానికి రెండు వందల ఏండ్లు పట్టింది.

ఒరెగాన్ బడిలో ఏం జరిగింది?

1990 దశకంలో అమెరికా బడులలో కాఠిన్యం పెరిగింది. బడికి తుపాకి తెచ్చిన విద్యార్థిని ఒక సంవత్సరం పాటు వెళ్ళగొట్టాలని 1994లో అక్కడ చట్టం వచ్చింది. అది తుపాకుల కోసం చేసిన చట్టం. కాని చిన్న తప్పులకు కూడా పిల్లలను కొన్ని రోజులు ఇంటికి పంపివేసే అలవాటు అనేక బడులలో బలపడింది. మన బడిలో బెత్తం ఎలాంటిదో వారి బడిలో ఈ 'సస్పెన్షన్' అలాంటిదయింది. బెత్తం కూడా అక్కడ పూర్తిగా పోలేదు. కొన్ని రాష్ట్రాలలో నేటికీ బడిలో కొట్టడానికి చట్టం అడ్డు చెప్పదు.

అక్కడి బడులలో ఒక ఆనవాయితీ ఉన్నది. తన వల్ల కాని అల్లరి ఎదురైతే ఉపాధ్యాయుడు ఒక చీటీ వ్రాసి పిల్లవాణ్ణి హెడ్మాస్టరు గదికి పంపుతాడు. శిక్ష ఏదో పడుతుంది. చీటీ పిల్లవాని ఫైలులోకి చేరుతుంది. అంతటితో దాని పని అయిపోయేది. ఇలాంటి చీటీలు ఒక్కొక్క బడిలో సంవత్సరానికి వందలు, ఒక్కొక్క చోట వేలు కూడా ఉండేవి. వాటినన్నిటినీ ఒకచోట పెట్టి చదివితే బడి సంగతి ఏం తెలుస్తుందని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలోని జార్జ్ సుగాయ్, రాబర్ట్ హార్నర్ అనే ఆచార్యులు, వారి తోటివారు ఆలోచించారు.

ఆ రాష్ట్రంలోనే ఎల్మైరా అనే చిన్న ఊరిలో ఫెర్న్ రిడ్జ్ మిడిల్ స్కూలు ఈ పద్ధతిని మొదట చేపట్టిన బడులలో ఒకటి. అక్కడి ఉపాధ్యాయులు ఐదే ఐదు నియమాలు పెట్టుకున్నారు: ఇతరులను గౌరవించాలి, బాధ్యతగా ఉండాలి, వేళకు వచ్చి సిద్ధంగా ఉండాలి, చెప్పినట్టు చేయాలి, చేతులూ కాళ్ళూ తమ దగ్గరే ఉంచుకోవాలి. ఇలాంటి నియమాలు ఏ బడి గోడ మీదనైనా ఉంటాయి. అయితే వీరు గోడ మీద వ్రాసి ఊరుకోలేదు. బడి తెరిచిన మొదటి రోజులలోనే పిల్లలను ఆయా చోట్లకు తీసుకొనిపోయి, నడవాలో గౌరవం అంటే ఇది, భోజనశాలలో బాధ్యత అంటే ఇది అని చేసి చూపించారు, పిల్లలచేత చేయించారు. లెక్కలు నేర్పినట్టే నడత కూడా నేర్పారు. సరిగా నడుచుకున్న పిల్లలకు మెప్పుగా చిన్న చీటీలు ఇచ్చారు. అంతవరకు చీటీ అంటే తప్పుకే, ఇప్పుడు మంచికి కూడా చీటీ వచ్చింది. హెడ్మాస్టరు గదికి వెళ్ళే చీటీలు మొదటి సంవత్సరంలోనే నూటికి 40కి పైగా తగ్గాయని 1997లో ప్రచురితమైన వ్యాసం చెబుతున్నది.

తరువాత ఒరెగాన్ విశ్వవిద్యాలయం వారు చీటీలను కంప్యూటరులో ఎక్కించి, నెలనెలా పటాలుగా చూపే ఏర్పాటు తయారు చేశారు. ఈ పద్ధతి మొత్తానికి 'పాజిటివ్ బిహేవియరల్ ఇంటర్వెన్షన్స్ అండ్ సపోర్ట్స్' అని పేరు. 2020 నాటికి అమెరికాలో 25,000కు పైగా బడులు దీనిలో చేరాయి.

ఐదు ప్రశ్నలు

ఈ పద్ధతికి ప్రాణం ఐదు ప్రశ్నలు. కంప్యూటరు లేకపోయినా వీటిని అడగవచ్చు.

మొదటిది, రోజుకు ఎన్ని? నెలకు ఎన్ని అని లెక్కపెడితే మోసపోతాం. ఉదాహరణకు ఒక బడి ఉన్నదనుకుందాం. నవంబరులో 24 పని దినాలు, 36 చీటీలు. జనవరిలో సంక్రాంతి సెలవులు పోగా 15 పని దినాలు, 30 చీటీలు. చీటీలు తగ్గాయని సంతోషిస్తామా? రోజుకు లెక్క కట్టి చూడండి. నవంబరులో రోజుకు ఒకటిన్నర, జనవరిలో రోజుకు రెండు. అల్లరి తగ్గలేదు, పెరిగింది.

రెండవది, ఏ రకం అల్లరి? కొట్లాటలా, బూతులా, ఆలస్యమా, వస్తువులు పోవడమా? ఒక్కొక్క రోగానికి ఒక్కొక్క మందు గదా!

మూడవది, ఎక్కడ? నాలుగవది, ఏ వేళకు? ఈ రెండూ కలిపి చూసినప్పుడు ఎన్నో సంగతులు బయటపడతాయి. మన బడినే తీసుకుందాం. కొట్లాటలలో సగం మధ్యాహ్న భోజనమప్పుడు, చేతులు కడుక్కునే కుళాయి దగ్గర జరుగుతున్నాయని పుస్తకం చూపిందనుకోండి. అక్కడ ఉన్నది ఒక్క కుళాయి, ఒక్కసారిగా వచ్చేది రెండు వందల మంది, చూసే పెద్దవారు ఒక్కరూ లేరు. అటువంటప్పుడు దినానికి ఇద్దరిని దండిస్తూ పోతే సంవత్సరమంతా దండించవలసి వస్తుంది. చిన్న తరగతులను పది నిమిషాలు ముందుగా వదిలితే, ఒక మాస్టారు గాని టీచరమ్మ గాని అక్కడ నిలబడితే, వరుసలో ఎలా నిలబడాలో ఒకరోజు నేర్పితే కొట్లాటలు చాలా వరకు తగ్గుతాయి. తప్పు పిల్లలలో ఎంత ఉన్నదో మన ఏర్పాటులో కూడా అంత ఉన్నదని పుస్తకం నేర్పుతుంది.

ఐదవది, ఎవరు? చూడండి, నల్ల పుస్తకం మొదట అడిగిన ప్రశ్నను ఇక్కడ చివరికి జరిపారు. చోటు, వేళ, రకం తెలిసిన తరువాతనే పేర్ల దగ్గరకు రావాలి. ఈ పద్ధతికి ఆయువుపట్టు ఇదే.

నూటికి ఎందరు?

పేర్ల దగ్గరకు వచ్చాక ఇంకొక సంగతి తెలుస్తుంది. బడి అంతా చెడిపోయిందని మనం అంటుంటాం. లెక్క చూస్తే అలా ఉండదు. అమెరికా బడుల అనుభవంలో సుమారు నూటికి 80 మంది పిల్లలకు సంవత్సరంలో ఒక్క చీటీ కూడా రాదు, లేక ఒక్కటే వస్తుంది. 15 మంది వరకు రెండు మొదలు ఐదు దాకా తెచ్చుకుంటారు. మిగిలిన ఐదుగురికి మాత్రమే ఆరు, అంతకు మించి వస్తాయి. బడిని బట్టి ఈ అంకెలు మారుతుంటాయి గాని వరుస ఇంచుమించుగా ఇదే.

ఎక్కువ మందికి కావలసింది స్పష్టమైన నియమం, నేర్పడం, మెచ్చుకోవడం. నడిమి 15 మందికి కొంచెం ఎక్కువ శ్రద్ధ కావాలి. వీరికోసం ఒరెగాన్‌లోనే ఒక చక్కని పద్ధతి వృద్ధి అయింది. పిల్లవాడు ఉదయం రాగానే తనకు ఇష్టమైన ఒక పెద్దవారిని కలుస్తాడు. ఆయన రెండు మంచి మాటలు చెప్పి ఒక కార్డు ఇస్తాడు. ప్రతి పీరియడు చివర ఆ ఉపాధ్యాయుడు కార్డు మీద సున్న, ఒకటి, రెండు అని మార్కు వేస్తాడు. సాయంత్రం మళ్ళీ అదే పెద్దవారిని కలిసి మార్కులు కూడుకోవాలి. కార్డు ఇంటికి వెళ్తుంది, తల్లిగాని తండ్రిగాని సంతకం చేసి పంపుతారు. చదువురాని తల్లి అయితే ఏం? కార్డు చేతిలోకి తీసుకుని "ఈ రోజు ఎట్లా గడిచింది నాయనా?" అని అడిగితే చాలు, సంతకం కంటే అది ఎక్కువ.

మిగిలిన కొద్దిమంది విషయంలో 'ఎందుకు?' అనే ఆరవ ప్రశ్న అడగాలి. పిల్లవాడు అల్లరి వలన ఏం పొందుతున్నాడు, లేక దేనినుండి తప్పించుకుంటున్నాడు? చదవడం రాని పిల్లవాడు తెలుగు వాచకం చదవవలసిన గంటలో అల్లరి చేస్తాడు. మాస్టారు బయట నిలబెడతారు. మాస్టారి దృష్టిలో అది శిక్ష. పిల్లవాని దృష్టిలో అది రక్షణ! అందరి ఎదుట నత్తినత్తిగా చదివి నవ్వులపాలు కావడం తప్పింది గదా. రేపు మళ్ళీ అదే గంటకు అల్లరి చేస్తాడు. వాని పేరు ఎప్పుడూ ఒకే పీరియడులో పుస్తకంలోకి ఎక్కుతున్నదంటే వానికి కావలసింది శిక్ష కాదు, అక్షరాలు. ఇది బెత్తం ఎన్నటికీ చెప్పలేదు.

పుస్తకం గాయం కూడా చేయగలదు

ఇంతవరకు మేలు చెప్పుకున్నాం. ఇప్పుడు ప్రమాదం కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఎందుకంటే వ్రాసేది మనుష్యులే.

టెక్సాస్ రాష్ట్రంలో దాదాపు పది లక్షల మంది విద్యార్థులను ఏడవ తరగతి మొదలు ఆరేండ్లకు తక్కువ కాకుండా పరిశీలించిన ఒక గొప్ప పరిశోధన 2011లో వెలువడింది. పన్నెండవ తరగతి లోపల నూటికి దాదాపు 60 మంది కనీసం ఒక్కసారైనా తరగతికి దూరంగా ఉంచబడ్డారు, లేక బడి నుండి వెళ్ళగొట్టబడ్డారు. అయితే ఆ చర్యలలో చట్టం తప్పనిసరి చేసినవి నూటికి 3 మాత్రమే. మిగిలినవన్నీ బడివారి ఇష్టాన్ని బట్టి జరిగినవే. అలా శిక్ష పొందిన వారిలో నూటికి 31 మంది కనీసం ఒకసారి అదే తరగతి మళ్ళీ చదివారు. శిక్ష ఎరుగని వారిలో అలాంటి వారు 5 మంది. ఒకే రకమైన పిల్లలున్న రెండు బడులలో ఒకటి ఎక్కువ మందిని, మరొకటి తక్కువ మందిని వెళ్ళగొట్టడం కూడా కనిపించింది. పిల్లలలో తేడా లేదు, పెద్దలలో ఉన్నది.

ఇంకా బాధాకరమైన సంగతి వినండి. అమెరికా విద్యాశాఖ 2011–12 సంవత్సరానికి సేకరించిన లెక్కల ప్రకారం, బడికి ముందు చేరే పసిపిల్లల తరగతులలో నల్లజాతి బిడ్డలు నూటికి 18 మంది. ఒకటికంటే ఎక్కువసార్లు ఇంటికి పంపివేయబడిన పసిపిల్లలలో మాత్రం వారు నూటికి 48 మంది! మూడు, నాలుగేండ్ల పసివాడు అంత నేరం ఏం చేయగలడు?

దీనికి జవాబు కొంతవరకు వ్రాసే మాటలలో ఉన్నది. రస్సెల్ స్కిబా అనే పరిశోధకుడు తన తోటివారితో కలిసి ఒక నగరంలోని 19 మిడిల్ స్కూళ్ళ చీటీలను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించాడు. తెల్లవారి పిల్లలకు వచ్చిన చీటీలు ఎక్కువగా సిగరెట్టు త్రాగాడు, వస్తువు పగలగొట్టాడు, చెప్పకుండా వెళ్ళిపోయాడు అనే రకంవి. కంటితో చూసి నిర్ధారించగలిగినవి. నల్లవారి పిల్లలకు వచ్చినవి ఎక్కువగా అమర్యాద, గోల, బెదిరింపు అనే రకంవి. అవి చూసేవారి మనస్సును బట్టి మారిపోయేవి.

ఇది అమెరికా సంగతే అనుకుని మనం ఊరుకోరాదు. మన బడులలో కూడా 'పొగరు', 'తలబిరుసు', 'వీళ్ళింతే' అనే మాటలు ఏ వీధి పిల్లల మీద ఎక్కువగా పడతాయో మనకు తెలియనిది కాదు. కాబట్టి పుస్తకంలో తీర్పు వ్రాయకూడదు, కంటికి కనిపించింది మాత్రమే వ్రాయాలి. 'పొగరుగా ఉన్నాడు' అని వద్దు. 'రెండుసార్లు పిలిచినా లేచి నిలబడలేదు' అని వ్రాయండి. 'దొంగ' అని వద్దు. 'పక్కవాని పెన్ను సంచిలో దొరికింది' అని వ్రాయండి. మొదటి మాట బిడ్డ మీద ముద్ర వేస్తుంది. రెండవ మాట జరిగిన సంగతి చెబుతుంది.

ఇంకొక జాగ్రత్త. చీటీలు తగ్గితే మంచిదే గాని, ఎందుకు తగ్గాయో చూడాలి. 'నీ తరగతిలోనే ఎక్కువ చీటీలున్నాయి' అని హెడ్మాస్టరు ఒక టీచరమ్మను తప్పుపడితే, మరుసటి నెలలో ఆమె వ్రాయడమే మానేస్తుంది. పుస్తకం శుభ్రంగా ఉంటుంది, తరగతి అలాగే ఉంటుంది. పుస్తకం పిల్లలను పట్టుకునే వల కాకూడదు, ఉపాధ్యాయులను పట్టుకునే వల కూడా కాకూడదు.

ఫలితం ఎంత?

ఈ పద్ధతి అద్భుతాలు చేస్తుందని చెప్పడం సరికాదు. మేరీలాండ్ రాష్ట్రంలో 37 ప్రాథమిక పాఠశాలలను చీట్లు వేసినట్టుగా రెండు భాగాలు చేశారు. 21 బడులు ఈ పద్ధతిలో శిక్షణ పొందాయి, 16 బడులు పొందలేదు. ఐదేండ్ల పరిశీలన ఫలితాలు 2010లో వచ్చాయి. శిక్షణ పొందిన బడులలో హెడ్మాస్టరు గదికి వెళ్ళే చీటీలూ, ఇంటికి పంపివేయడాలూ తగ్గాయి. పరీక్షల మార్కులలో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. అంటే బడి ప్రశాంతమైతే చదువుకు వీలు కలుగుతుంది, చదువు మాత్రం ఎవరో ఒకరు చెప్పవలసిందే.

మన ఊరి బడిలో ఎలా మొదలుపెట్టాలి?

నూరు పేజీల రూళ్ళ పుస్తకం ఒకటి కొనండి. గళ్ళు గీయండి: తేదీ, వేళ, చోటు, ఏం జరిగింది, ఎవరెవరు, దానికి ముందు ఏం జరిగింది, పెద్దలు ఏం చేశారు. ప్రతి చిన్న చిలిపితనాన్నీ ఎక్కించనక్కరలేదు. ఏవి పుస్తకంలోకి ఎక్కాలి, ఏవి తరగతిలోనే సరిచేయాలి అని ఉపాధ్యాయులందరూ ముందుగా ఒక మాట అనుకోవాలి. లేకపోతే ఒకరు అన్నీ వ్రాస్తారు, ఒకరు ఏదీ వ్రాయరు.

నెల చివర ఒక అరగంట కూర్చోండి. ముందు పేర్ల గడిని ఒక కాగితంతో మూసి, మిగిలిన గళ్ళు చదవండి. ఏ చోట, ఏ వేళ, ఏ రకం అని గీతలు పెట్టి లెక్కించండి. ఒక్క మార్పు నిర్ణయించుకోండి. ఒక్కటి చాలు. వచ్చే నెల అది పని చేసిందో లేదో మళ్ళీ ఈ పుస్తకమే చెబుతుంది. తరువాత కాగితం తీసి, మాటిమాటికి కనిపించే పేర్లు చూడండి. ఆ పిల్లవాని యెడల ఎవరు శ్రద్ధ తీసుకుంటారో, ఒక పెద్దవారి పేరు అక్కడికక్కడే నిర్ణయించండి. హాస్టలు వార్డెన్లు, సండేస్కూలు నడిపేవారు కూడా ఇదే విధంగా చేయవచ్చు.

పుస్తకం బీరువాలో ఉండాలి. నోటీసు బోర్డు మీదికి గాని, వాట్సాప్ గ్రూపులోకి గాని ఒక్క పేజీ కూడా పోరాదు. అమెరికాలో 1974 నాటి చట్టం ప్రకారం బడిలో తమ బిడ్డను గూర్చిన రికార్డు చూడడానికి, అందులో తప్పుంటే దిద్దమని అడగడానికి తల్లిదండ్రులకు హక్కు ఉన్నది. మనమూ ఆ మర్యాద పాటిద్దాం. తన బిడ్డ గురించి వ్రాసింది ఆ తల్లి చూడవచ్చు, పక్కింటి బిడ్డ గురించి వ్రాసింది మాత్రం చూడరాదు.

తల్లిదండ్రులు చేయవలసింది

బడినుండి కబురు వచ్చినప్పుడు ఇంట్లో ముందుగా లేచేది చెయ్యి. దానికి ముందు మాస్టారిని నాలుగు ప్రశ్నలు అడగండి. ఏం జరిగిందండీ? ఎక్కడ, ఏ వేళకు? దానికి ముందు ఏం జరిగింది? ఇదివరకు కూడా ఇదే వేళకు జరిగిందా? తగవు పెట్టుకునే ధోరణితో కాక, కలిసి ఆలోచించే ధోరణితో అడగండి. చదువు లేదని, కూలి పని చేసుకునేవారమని జంకవద్దు. ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది స్త్రీలు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతున్నది. కుళాయి గురించీ, చూసేవారు లేని వరండా గురించీ మాట్లాడడానికి అదే తగిన చోటు.

ఇంట్లో కూడా ఈ పద్ధతి పనికివస్తుంది. పిల్లలు ఎప్పుడూ కొట్టుకుంటున్నారని విసుక్కునే తల్లి, రెండు వారాలు క్యాలెండరు మీద వేళ గుర్తు పెట్టుకుని చూడాలి. పొలం నుండి వచ్చి పొయ్యి వెలిగించే వేళకు, పిల్లలు ఆకలితో ఉన్న వేళకు గొడవలన్నీ కుప్పబడి కనిపించవచ్చు. ఆ వేళకు గుప్పెడు మరమరాలు, పెద్దవానికి ఒక చిన్న పని. అరుపులు సగానికి తగ్గితే ఆశ్చర్యపడనక్కరలేదు.

పుస్తకం మూసే రోజు

చివరిగా ఒక మాట. ఇలాంటి పుస్తకం తెరవడం ఎంత ముఖ్యమో, మూయడం అంతకంటే ముఖ్యం. ఆరవ తరగతిలో పిల్లవాడు చేసిన అల్లరి పదవ తరగతి దాకా వాని వెనుక నడవకూడదు. కొత్త మాస్టారు వానిని చూడకముందే వాని పేజీ చదివితే, పిల్లవాడు బాగుపడినా ఆయన కంటికి కనబడడు. గనుక సంవత్సరాంతమున లెక్కలు మాత్రం ఉంచుకుని, పేర్లున్న పుస్తకాన్ని తీసివేయండి. కుళాయి దగ్గర ఎన్ని కొట్లాటలు తగ్గాయో వచ్చే ఏడు బడికి తెలియాలి. ఎవరు కొట్టుకున్నారో తెలియనవసరం లేదు.

మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు అన్నారు. ఆ మాట చెప్పి మనం మొక్కను వంచడానికే చూస్తుంటాం. మొక్క ఎటు ఒరుగుతున్నదో, అక్కడ ఎండ తగలడం లేదో, నీరు అందడం లేదో చూసే తోటమాలికి దాన్ని వంచవలసిన అవసరం తరచుగా రాదు. జూన్‌లో బడులు తెరిచేనాటికి మీ ఊరి బడిలో ఒక రూళ్ళ పుస్తకం సిద్ధంగా ఉండేలా చూడండి. మొదటి నెల చివర, పేర్ల మీద కాగితం కప్పి, నలుగురు కలిసి చదవండి.